దొరల ఏడు తరాలు

మా తాత రంగూన్‌లో బోటాటౌంగ్ రేవు దగ్గర ఒక ఇంగ్లీషు దొర బంగళాలో సామాను తుడిచే పని చేసేవాడు. ఆ హాల్లో గోడంత పటం ఉండేదట. చెట్టు బొమ్మ, కొమ్మకొక పేరు, దొరల వంశం మొత్తం. తాతకు చదువు రాదు. గుమాస్తా ఒకాయన చదివి చెబుతుంటే, రోజూ గుడ్డతో ఒక్కో కొమ్మా తుడుస్తూ కంఠతా పట్టేశాడు. యుద్ధం వచ్చి దొర ఓడెక్కి వెళ్ళిపోయాడు. పటం ఏమైందో తెలీదు, తాత నోట్లో మాత్రం మిగిలింది.

నాకది తాత అన్నం ముద్దలతో పాటు పెట్టిన కథ. మొదటి దొర రాజుగారికి యుద్ధంలో గుర్రాలిచ్చి, లేళ్ళు తిరిగే అడవీ నాలుగు ఊళ్ళూ సంపాదించాడు. వాడి కొడుకు నూరు పొగగొట్టాల మేడ కడితే, మనవడు సగం పొలాలు జూదంలో పోగొట్టాడు. అయిదోవాడి ముగ్గురు పెళ్ళాల పేర్లు కూడా నాకు ఇప్పటికీ వచ్చు. ఏడో తరంలో మేడ అన్నకు పోయింది. తమ్ముడు బియ్యం మిల్లు పెట్టుకోవడానికి రంగూన్ వచ్చాడు. మా తాత దొర ఆయనే.

"మరి మన తాతలు?" అని ఒకసారి అడిగాను.

"మనకేటున్నాదే బుల్లీ? ఓడెక్కినాం, దిగినాం. నోరు తెరు."

నోరు తెరిచాను.

పోయిన వానల్లో మా నాన్న పోయాడు. పన్నెండో రోజు తమ్ముడు కర్మకు కూర్చున్నాడు. నాన్న పిండాన్ని మూడు ముక్కలు చేసి, ఆయన తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలపాలి. అలా కలిస్తేనే నాన్న పెద్దల్లో చేరినట్టు. కలపాలంటే వాళ్ళ పేర్లు చెప్పాలి.

మా తాత పేరు తమ్ముడే చెప్పాడు.

"ఆయన తండ్రి?" అన్నారు పంతులుగారు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "అప్పా, సెప్పు. నీకు తెలీందేటున్నాది?"

నాకు తెలీదు.

"దొర ముత్తాత పేరడగండి పంతులుగారూ," అంది మరదలు. "మా ఒదిన గడగడా సెప్పేత్తాది."

ఎవరో నవ్వారు. మరదలికి నోరెక్కువే గాని అబద్ధం చెప్పదు. నా నాలుక చివర ఆ దొర పేరే ఉంది. పళ్ళు బిగించి కూర్చున్నాను.

"తెలియకపోతే నారాయణ అనుకోండమ్మా," అన్నారు పంతులుగారు. "తప్పు లేదు. ఇక్కడ సగం మంది అలాగే అంటారు."

తమ్ముడు రెండుసార్లు నారాయణ అన్నాడు. నాన్నలో ఒక ముక్క తాతలో కలిసింది. మిగతా రెండూ ఎవరిలో కలిశాయో. నాకు ఏడుపు రాలేదు. లేచి వెళ్ళి విస్తళ్ళు కడిగాను. పప్పులో ఉప్పు చాల్లేదన్నారు, వేశాను.

మొన్న మనవరాలి బుగ్గలకు తనకా గంధం రాస్తుంటే, "అమ్మమ్మా, దొరల కత సెప్పు" అంది. చెప్పాను. ఏడు తరాలకూ నాలుక దానంతట అదే తిరిగింది. అయిపోయాక, ఎప్పుడూ లేనిది, మావాళ్ళను మొదలుపెట్టాను. మీ అమ్మకి తాత మా నాన్న, మా నాన్నకి నాన్న ఆ పటం తుడిచిన తాత.

"ఆయనకి నాన్న?"

"ఓడెక్కాడు. దిగాడు."

"పేరేటి?"

"ఇటు తిరుగు," అన్నాను. "రెండో బుగ్గ."