తూలింది ఎవరు

పెయింటరుకు బడి అబ్బలేదు గానీ అక్షరాలు అబ్బాయి. మీసాలు రాకముందే లారీల షెడ్డులో చేరాడు. వెనక పలకలమీద పేర్లు రాసేవాళ్ళ చేతులు చూసి చూసి పని నేర్చుకున్నాడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది లేదు. గుండ్రం ఎక్కడ మొదలుపెట్టాలో, ఒత్తు కింద ఎంత చోటు వదలాలో, తలకట్టు దగ్గర కుంచె ఎలా లేపాలో, అన్నీ పాడుచేసిన రేకులే నేర్పాయి. పెళ్ళయ్యేనాటికి బజారులో సొంత కొట్టు పెట్టి, తమ్ముణ్ణి పక్కన చేర్చుకున్నాడు. కింద నిలబడి కొలతలు చూసేది అన్న, నిచ్చెనెక్కి రాసేది తమ్ముడు. తమ్ముడి చెయ్యి తన చేతికన్నా నిలకడైనదని అన్నే అందరికీ చెప్పుకునేవాడు.

ఆ కొట్టుకు ఒక పద్ధతి ఉండేది. ఏం రాయమంటే అది రాయడమే తప్ప, ఎందుకని అడగడం లేదు. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీ నినాదం రాసిన కుంచెతోనే మధ్యాహ్నం దాన్ని తిట్టే పార్టీ నినాదమూ రాసేవాడు. రెండూ అంతే శ్రద్ధగా. "ఇంతకీ నీదే పార్టీ?" అని ఎవరైనా కూపీ లాగితే, "టర్పెంటైను పార్టీ. ఎవరి రంగైనా కడిగేస్తా" అనేవాడు.

కొట్టుకు ఎదురుగా పఠనాలయం. అక్కడ ఆదివారం సాయంత్రాలు చర్చలు జరిగేవి. ఉరిశిక్ష ఉండాలా వద్దా, సమ్మె హక్కా కాదా, ఓటు వెయ్యనివాడికి జరిమానా వేస్తే తప్పేంటి, ఇలాంటివి. చీటీ తీసి ఎవరిది ఏ పక్షమో తేల్చేవాళ్ళు. ఏ పక్షం వచ్చినా నెగ్గేది మాత్రం కళ్ళజోళ్ళ దుకాణం ఆయనే. కోర్టు గడప తొక్కకపోయినా ఆయన్ని అందరూ ప్లీడరు అనేవాళ్ళు. మాట్లాడుతుంటే ఎదుటివాడికి తన పేరు కూడా అనుమానమొచ్చేది. వీధిలో తగువొచ్చినా, ఇంట్లో అన్నదమ్ములకు పడకపోయినా ఆయన దుకాణం ముందు కుర్చీ వేసుకు కూర్చునేవాళ్ళు. ఆయన ఔనంటే ఔను.

ఒకసారి బట్టల కొట్టు బోర్డు రాస్తూ పెయింటరు తమ్ముడు కింద పడ్డాడు. కొత్తగా పరిచిన నున్నటి బండలు, వాటిమీద ఎవరో నీళ్ళు చల్లారు. నిచ్చెన కాలు జారింది. మోచెయ్యి విరిగి, కట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. ప్లీడరు పళ్ళు పట్టుకుని చూడడానికి వచ్చాడు.

"ఎలా పడ్డావు నాయనా?"

"నిచ్చెన తూలింది బాబాయ్. పట్టుకుందామంటే చేతికేమీ దొరకలేదు."

"తూలిందా. అయ్యయ్యో" అన్నాడు ప్లీడరు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం చర్చ సారా దుకాణాలు మూయాలా వద్దా అని. మూయాలనే పక్షం ప్లీడరుకు వచ్చింది. సభకు తానే రాసిన గుడ్డ బ్యానరు కట్టి, పెయింటరు గోడవారగా నిలబడ్డాడు.

"సారా ఏం చేస్తుందో ఎక్కడికో వెళ్ళి చూడక్కర్లేదు" అన్నాడు ప్లీడరు. "ఎదురు కొట్టు కుర్రాణ్ణి చూడండి. బంగారంలాంటి చెయ్యి. మొన్న చూడబోతే తన నోటితోనే చెప్పాడు, తూలాను బాబాయ్ అని. ఎందుకు తూలాడో అది కూడా నేనే చెప్పాలా?"

హాలు గొల్లుమంది.

నిచ్చెన తూలితే అది బండల తప్పు, నీళ్ళ తప్పు. మనిషి తూలాడంటే వినేవాడికి సీసా కనబడుతుంది. మాట తోక ఒక్కటి మార్చాడు, అంతే. ఒత్తు మారితే బోర్డంతా పాడవుతుందని తెలిసిన పెయింటరుకు ఆ తోక చురకత్తిలా దిగింది. తమ్ముడు ఏనాడూ సారా వాసన కూడా చూడనివాడు.

"అది కాదండీ వాడన్నది" అన్నాడు ముందుకొచ్చి.

అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "తమరిది ఏ పక్షం?"

"పక్షమేంటండీ, వాడు నా తమ్ముడు."

"పక్షం లేనివారు మధ్యలో మాట్లాడకూడదు. నియమం. కూర్చోండి."

కూర్చున్నాడు. ప్లీడరుకు కప్పు ఇచ్చారు.

వారం తిరక్కుండా తమ్ముడికి తూలుడు అని పేరు పడింది. మోచెయ్యి బాగైంది, పేరు బాగవలేదు. సినిమా హాళ్ళకు బోర్డులు కట్టించే కాంట్రాక్టరు పెయింటరును పక్కకు పిలిచి, "ఎత్తు పని కదన్నా, ఇంకొకణ్ణి ఎక్కించు. రేపు ఏదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు. తక్కినవాళ్ళూ అదే పాట పాడారు. తమ్ముడు కొట్టు వెనక కూర్చుని రంగులు కలపడం మొదలుపెట్టాడు. బజారులో టీకి కూడా వెళ్ళడం మానేశాడు.

పెయింటరు కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు. "మా వాడన్నది నిచ్చెన తూలిందని. మీరు మార్చి చెప్పారు. అందరి ముందూ దిద్దండి."

ప్లీడరు నవ్వాడు. "చర్చలో అన్నది చర్చలోనే పోతుందయ్యా. వాదమంటే కర్రసాము. ఎటు తిప్పమంటే అటు తిప్పాలి."

"తిప్పండి. తగిలినవాడి సంగతి అడుగుతున్నాను."

"నీకు మాటలు రావు, నాకు బొమ్మలు రావు. ఎవరి పని వాళ్ళం చూసుకుందాం."

"సరేనండీ" అన్నాడు పెయింటరు. "నా పనే చూసుకుంటాను."

కొట్టు షట్టరుకు అటూ ఇటూ ఖాళీ గోడ ఉంది. మర్నాడు ఎడమవైపు సున్నం కొట్టి, ప్లీడరు కప్పు గెలిచిన వాక్యం ఎర్రటి అక్షరాలతో రాశాడు: "సారా దుకాణం ఉన్న వీధిలో సంసారం నిలవదు." కింద చిన్నగా, ప్లీడరుగారు.

ప్లీడరు పొంగిపోయాడు. చుట్టాల్ని తీసుకొచ్చి చూపించాడు. "అలిగాడనుకున్నా. వీడి మనసు వెన్న" అన్నాడు. ఆ తర్వాత ఉరిశిక్ష వద్దని మాట్లాడితే పెయింటరు అదీ రాశాడు: "ఉరి తీసే సర్కారూ హంతకుడే." సమ్మె తరఫున మాట్లాడితే, "సమ్మె హక్కు లేనివాడు బానిస." ఎడమ గోడ నిండింది.

"తమ్ముణ్ణి తిట్టినవాడికి నువ్వు గుడి కడుతున్నావా?" అంది భార్య. "మరిది మొహం చూడలేక చస్తున్నాను ఇక్కడ."

"కుడి గోడ ఖాళీగా ఉందిగా" అన్నాడు పెయింటరు.

తిథి మారినట్టు పక్షం మారడం చర్చల్లో మామూలే. పాత విషయమే మళ్ళీ వచ్చి, చీటీ ప్లీడరును ఎదురు పక్షానికి తిప్పిన ప్రతిసారీ పెయింటరు కుడి గోడమీద రాశాడు, ఎడమ వాక్యానికి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో, అదే ఎరుపుతో. "పెద్దవాడు ఏం తాగాలో సర్కారు చెప్పకూడదు." "హంతకుడిమీద జాలి, చచ్చినవాడికి ద్రోహం." "సమ్మె అంటే జనం పీక నొక్కడం." ప్రతిదాని కిందా ప్లీడరుగారు. ఒక్క అక్షరం మార్చలేదు. దీర్ఘం పోలేదు, ఒత్తు జారలేదు. పగ తీర్చుకునేవాడు పని చెడగొట్టకూడదని అతని లెక్క.

జనం చదివారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు చదివారు. ఎవరో అన్నదమ్ముల తగువు తీరుస్తూ ప్లీడరు నోరు తెరిస్తే, వాళ్ళలో చిన్నవాడు అడిగాడు: "ఇది ఎడమ గోడ మాటా బాబాయ్, కుడి గోడ మాటా?" పఠనాలయంలో ఆయన లేచి నిలబడగానే వెనకనుంచి ఎవరో, "షట్టరుకు ఏ పక్కండీ ఇవాళ?" అన్నారు. హాలు మళ్ళీ గొల్లుమంది. కుర్చీలు ఆయన దుకాణం ముందు ఖాళీగా ఎండలో కాలాయి. కళ్ళజోళ్ళు కొనేవాళ్ళు కొన్నారు గానీ సలహాలు అడిగేవాడు లేడు. పెయింటరు తన కొట్టులోంచి అదంతా చూసేవాడు. ఆ రోజుల్లో అతనికి అన్నం రుచిగా ఉండేది.

చివరికి ప్లీడరే వచ్చాడు. "చెరిపెయ్యి."

"మీ మాటలే కదండీ. తప్పుంటే చెప్పండి, దిద్దుతాను."

"తప్పు లేదు. అదే వచ్చిన చావు" అన్నాడు ప్లీడరు కూలబడి. "ఏం కావాలి నీకు?"

"వాడు అన్న మాట వాడికి ఇచ్చెయ్యండి. హాల్లో, మైకులో. మీరు మాట మీదుంటే నేనూ ఉంటాను. రెండు గోడలూ చెరిపేస్తాను."

ఆదివారం హాలు కిక్కిరిసింది. పెయింటరు తమ్ముణ్ణి దాదాపు ఈడ్చుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. తాను గోడవారగా నిలబడ్డాడు. ప్లీడరు మైకు సవరించుకున్నాడు. సమాజమన్నాడు, సత్యమన్నాడు, నాలుక ఎముక లేనిదన్నాడు. ఆఖరికి, "ఒక సందర్భంలో ఒక పొరపాటు జరిగింది" అని నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"జరిగిందా, చేశారా?" అన్నాడు పెయింటరు.

అధ్యక్షుడు ఈసారి పక్షం అడగలేదు.

"చేశాను" అన్నాడు ప్లీడరు.

"ఎవరు?"

"నేను."

"ఏమని?"

ప్లీడరు ముందు వరసలోకి చూడబోయి, చూడలేక, మైకుకేసి చూశాడు. "అతను తూలలేదు. నిచ్చెన తూలింది. మాట మార్చింది నేను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తమ్ముడు తలొంచుకుని తన మోచేతిని చూసుకున్నాడు.

పెయింటరు మాట మీద నిలబడ్డాడు. తెల్లారేసరికి రెండు గోడలూ తెల్లగా ఉన్నాయి. ప్లీడరు వచ్చి చూసుకుని, కుదుటపడి వెళ్ళాడు. సాయంత్రం మళ్ళీ వచ్చేసరికి షట్టరు పైన, ఈ చివరనుంచి ఆ చివరకు, నల్లటి అక్షరాలున్నాయి: "అతను తూలలేదు. నిచ్చెన తూలింది. మాట మార్చింది నేను." కింద, ప్లీడరుగారు. పెయింటరు జీవితంలో అంత అందంగా రాసింది లేదు.

"చెరిపేస్తానన్నావు" అన్నాడు ప్లీడరు.

"చెరిపానండీ. ఇది కొత్తది."

ప్లీడరు ఆ తర్వాత దుకాణానికి వెనక సందులోంచి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

నెల తిరిగేలోపు కాంట్రాక్టరు కొట్టు ముందు ఆగాడు. తలెత్తి ఆ వాక్యం మొత్తం చదివాడు. లోపలికి చూసి, "ఏమయ్యా, కొత్త సినిమా హాలు బోర్డు ఉంది. ఎత్తెక్కువ. ఎక్కుతావా?" అన్నాడు. తమ్ముడు చేతికంటిన రంగు గుడ్డకు తుడుచుకుని బయటికొచ్చాడు. ఎత్తెంతో అడిగాడు, కింద నేల ఎలాంటిదో అడిగాడు. ఎక్కుతానన్నాడు.

కాంట్రాక్టరు వెళ్ళాక తమ్ముడు షట్టరు పైకి చూశాడు. "ఇక తీసెయ్ అన్నయ్యా. నా పని నాకొచ్చింది. దాన్ని చూసినప్పుడల్లా జనం మళ్ళీ నన్నే తలుచుకుంటారు. ప్లీడరు బాబాయ్ కూడా ముసలాడు."

పెయింటరు కుంచెలు కడుగుతూ తలెత్తలేదు. "ఎండకి అదే పోతుందిలే" అన్నాడు.

తమ్ముడు మళ్ళీ ఒకసారి పైకి చూశాడు. ఎండకి చెక్కుచెదరని ఎనామిల్ రంగు, రెండు పూతలు. కలిపింది తనే.