అవ్వనూ నన్నూ కలిపి కుట్టిన బొంత

ఒక్క దబ్బనంతో రెండు కుటుంబాల పరువును ఒకే మధ్యాహ్నం నేలకు కుట్టిపారేసిన మనిషి కోసం తమిళనాడులో మా ధర్మపురి జిల్లా అంతా గాలించినా నేనొక్కదాన్నే దొరుకుతాను. ఇది చదువుతూ "ఇంత తెలివితక్కువ మనుషులు కూడా ఉంటారా!" అని మీకు అనిపిస్తే మొహమాటపడకండి. ఆ మాట మా అత్తగారు ఆ రోజే అనేసింది, అదీ నలుగురి ముందర.

ఎనభైలలో మాట. సోగత్తూరులో మా ఇల్లు. ఇంట్లో అత్తగారు, మా ఆయన, పెళ్ళి కావలసిన ఆడపడుచు వసంత, ఒకడు ఏడుపు ఆపితే ఇంకొకడు మొదలుపెట్టే ఇద్దరు పిల్లలు, రెండు ఆవులు. మా ఆయనకు ధర్మపురి బజారులో చిల్లర కొట్టు. పొద్దున పేడ తియ్యడంతో మొదలైతే రాత్రి గిన్నెలు బోర్లించేదాకా నా నడుము నాది కాదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే ఆ కాస్త సేపే నాది. కొందరికి ఆకువక్క, కొందరికి పక్కింటి కబుర్లు. నాకేమో బొంతలు.

మెత్తబడిన పాత చీరలను ఒకదానిమీద ఒకటి పరిచి, అంచులు మడిచి, దబ్బనంతో దగ్గరదగ్గరగా కుట్టుకుంటూ పోతే చాలు, అత్తగారి సణుగుడూ పిల్లల గోలా ఏమీ వినపడేవి కావు. మా ఆయన మాత్రం గొణిగేవాడు.

"ఇంట్లో మనుషులకన్నా బొంతలు ఎక్కువైపోయినాయి. ఈ ఎండల్లో ఎవరు కప్పుకుంటారే ఇవన్నీ?"

"కుట్టేదానికి కూడా చలికాలం రావాల్నా ఏంది?" అనేదాన్ని నేను.

ఆ బొంతల వల్లే వసంతకు వచ్చిన మొదటి సంబంధం తప్పిపోయింది. సేలం నుంచి వచ్చిన పెద్దాయనను గౌరవంగా నా బొంతమీద కూర్చోబెట్టాం. కూర్చున్నంత వేగంగానే ఆయన కేకపెట్టి పైకి లేచాడు. అందులో నేను ఒక సూది మరిచిపోయాను. వాళ్ళు కాఫీ కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయి, "సూదులమీద కూర్చోబెట్టే ఇంట్లో పిల్లను చేసుకోము" అని కబురు పంపించారు. అత్తగారు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడాల్సి వస్తే ఆవుతో మాట్లాడి నాకు వినిపించేది. వసంత ఒక్కతే, "పోనీలే వదినా, వాడు నాకూ నచ్చలే" అని నన్ను ఓదార్చింది.

రెండో సంబంధం అలా కాదు. అబ్బాయి పాలక్కోడులో బడిపంతులు. మహేంద్రమంగళంలో ఎవరిదో పెళ్ళిలో వసంత అతన్ని చూసింది. చూసిన దగ్గరనుంచీ ఆవులకు పెట్టాల్సిన కుడితి దూడకు, దూడకు పెట్టాల్సింది ఆవులకు పెడుతోంది. వాళ్ళు చూడ్డానికి వస్తారనగా ముందు రోజు పశువుల పాకలో నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఇది కూడా తప్పిపోతే నేను ఇంక ఎవురి ముందరా తలొంచుకొని కూచోను. చెప్తాండా" అంది. కళ్ళనిండా నీళ్ళు. నాకు ప్రాణం విలవిల్లాడింది.

అత్తగారు కూడా తన వంతుగా హెచ్చరించింది. "సుశీలా, రేపు వాళ్ళు పొయ్యేదాకా నీ చేతిలో సూది కనపడిందంటే నీ బొంతలన్నీ మూటగట్టి బావిలో ఏస్తాను. తెలిసిందా?"

"తెలిసింది అత్తా."

నిజంగానే తెలిసింది. మీరూ గుర్తుపెట్టుకోండి, తెలియక చేసిన పని కాదిది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా కేసరి అయిపోయింది, బజ్జీలకు పిండి కలిపి పెట్టాను, పిల్లలను పక్కింట్లో వదిలాను. వాళ్ళు వచ్చేది సాయంత్రం బస్సుకు. అత్తగారు పూలకోసం బజారుకు వెళ్ళింది, వసంత తలంటుకుంటోంది. హాల్లో ఒక మూల నా కొత్త బొంత మడతపెట్టి ఉంది. ఒక్క అంచు, అదీ జానెడు, కుట్టడం మిగిలింది. నా బుర్రలో ఒక గొప్ప ఆలోచన పుట్టింది. దీన్ని పూర్తిచేసి, సూది లేదని నాలుగుసార్లు తడిమి చూసి, వచ్చినవాళ్ళకు పరిస్తే? "ఎవరు కుట్టినారమ్మా ఇంత బాగా?" అని వాళ్ళు అడగరా? వసంత పుట్టింటివాళ్ళు పనిమంతులని పేరు రాదా? నిజం చెప్పాలంటే ఆ పేరు వసంతకంటే నాకే కావాలి.

బొంతను హాలు సగం నిండేలా పరిచి, దానిమీదే బాసింపట్టు వేసుకుని, అంచు ఒళ్ళోకి లాక్కుని మొదలుపెట్టాను. జానెడు కుట్టు అయిపోయింది. అంతటితో లేచి ఉంటే ఈ కథే లేదు. ఆ పక్కన కుట్లు కాస్త పలచగా కనిపించాయి. వాటినీ గట్టిచేద్దామని మోకాలి దగ్గరనుంచి ఇంకొక వరస అందుకున్నాను. ఎంతసేపు కుట్టానో నాకే తెలియదు.

వీధిలో వ్యాను ఆగిన చప్పుడు, ఆ వెంటనే అత్తగారి గొంతు.

"రండి, రండి! బస్సుకు వస్తారనుకుంటే వ్యానులోనే వచ్చేసినారే! నన్నూ బజారులోనే ఎక్కించుకున్నారు చూడు, మంచి శకునం!"

చటుక్కున లేవబోయాను. సగం లేచి మళ్ళీ కూలబడ్డాను. ఎవరో కిందనుంచి చీర పట్టుకుని గుంజినట్టయింది. వంగి చూస్తే ఏముంది, మోకాలి దగ్గరనుంచి కుచ్చిళ్ళదాకా నా చీరనంతా బొంతలోకి కుట్టేసుకున్నాను. మామూలు కుట్టా అది! ఆవును కట్టినా తెగదని ఊరంతా గొప్పలు చెప్పుకున్న కుట్టు. గట్టిగా గుంజితే చీరే ఊడి వచ్చేటట్టుంది. గుమ్మంలో చూస్తే మగవాళ్ళు. దబ్బనాన్ని గబుక్కున మడతకింద తోసేసి, ఉన్నచోటే ఉండి రెండు చేతులూ జోడించాను.

అబ్బాయి తండ్రి వచ్చాడు, అబ్బాయి వచ్చాడు, వాళ్ళ వెనక చేతికర్ర పొడుచుకుంటూ అబ్బాయి అవ్వ వచ్చింది. కొట్టు మూసి పరుగున వచ్చిన మా ఆయన వాళ్ళ చెప్పుల పక్కన నిలబడ్డాడు. పెద్దవాళ్ళు గడప దాటి వస్తుంటే ఇంటి కోడలు రాణీగారిలా బొంతమీద కూర్చునే ఉంది.

"సుశీలా, లెయ్యి. పెద్దోళ్ళు వచ్చినారు" అంది అత్తగారు నవ్వుతూ.

"అత్తా..."

"లెయ్యంటే!" ఈసారి నవ్వు పెదాలమీద మాత్రమే ఉంది.

నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ ఈ ఇంట్లో సూది అనే మాట వినపడితే మొదటి సంబంధం కథంతా బయటికొస్తుంది. వసంత ముఖం గుర్తొచ్చింది. కాలు బెణికిందని నోటికి అందిన అబద్ధం ఆడేశాను.

"కాలు సుళుక్కు పట్టింది అత్తా. కదిలించలేకుండా ఉండాను."

"పొద్దున బాగానే తిరగతా ఉంటివే!" అన్నాడు మా ఆయన. అలాంటి సమయంలో అలాంటి సాయం చెయ్యడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం.

అబ్బాయి తండ్రి ముఖం మాత్రం వెలిగిపోయింది. "భయపడవద్దమ్మా! మా అమ్మది హొగేనక్కల్. ఆడ జలపాతం కాడ బండలమీద జారి కాళ్ళు సుళుక్కు పట్టినోళ్ళందురినీ నూనె రాసి నడిపించింది ఈమే!"

ప్రపంచంలో ఇన్ని రోగాలుండగా, ఆ అవ్వకు మందు తెలిసిన రోగమే నా నోట్లోంచి రావాలా! తలనొప్పి అని ఉండకూడదా నేను? అవ్వ అప్పటికే కర్ర పక్కన పెట్టి, సరిగ్గా నా పక్కనే, బొంతమీద చతికిలబడింది.

"నూనె తెండి" అంది. "ఏ కాలు?"

"అది... కుడికాలవ్వా."

చీరకింద నుంచి బయటికి కనిపిస్తున్న పాదాన్ని పట్టుకుని నొక్కింది. "ఈడ నొప్పి ఉండాదా?"

"లేదవ్వా."

"ఈడ?"

"ఆడా లేదు."

"మరి యాడ నొప్పి?"

"లేస్తేనే నొప్పి."

"అయితే లెయ్యి, చూస్తాను."

"లేవలేనవ్వా."

"ఎందుకు?"

"నొప్పి కదా!"

అవ్వ నా ముఖంలోకి అదోలా చూసింది. మిగిలిన దారి ఒక్కటే, ఎవరూ చూడకుండా కుట్లు విప్పుకోవడం. ఎడమచేత్తో నూనెగిన్నె పట్టుకుని, కుడిచేతిని మడతకింద దూర్చి, దబ్బనాన్ని తడిమి అందుకున్నాను. కంటితో చూడకుండా, పైకి నవ్వుతూ, దబ్బనం మొనతో కుట్టు లేపడం, లాగడం, లేపడం, లాగడం. దారం చక్కగా జారుతోంది. వదులవుతోంది తల్లీ, ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ చెయ్యి అందినంత దూరం వెళ్ళాను.

దబ్బనంలో దారం ఇంకా అలాగే ఉందన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు లేదు.

వంటింటి తలుపు సందులోంచి వసంత చూస్తోంది. ఏమైంది వదినా అని కళ్ళతోనే అడుగుతోంది. నేను తల తిప్పేసుకున్నాను.

అవ్వ నా కాలు వదిలేసి చేతులు తుడుచుకుంది. "ఒరే నాయనా" అంది కొడుకుతో. "నేను చూడని కాళ్ళు లేవు. ఈ పిల్ల కాలికి ఏ జబ్బూ లేదు. మనం వస్తే లేచేది ఇష్టం లేదు, అంతే. మనల్ని చూసి ఇంటి కోడలే లెయ్యకుంటే, ఈ ఇంట్లో మనకు ఏం మర్యాద? పదండి పోదాం."

అత్తగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో పెద్దమ్మా, అట్లనొద్దు" అంటూ చేతులు పట్టుకోబోయింది. సరిగ్గా అప్పుడే వసంత కాఫీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. పళ్ళెంలో లోటాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. భూమి నోరు తెరిస్తే బొంతతో సహా అందులోకి పోవాలనిపించింది.

అవ్వ కర్ర అందుకుని విసురుగా లేచింది.

అవ్వతో పాటు బొంత లేచింది. బొంతతో పాటు నేను లేచాను. అవ్వ ఒక అడుగు వేసింది, నేను ఆమె వెనకే మోకాళ్ళమీద జరిగాను.

"ఎవుర్రా అది నన్ను పట్టుకోనుండేది!" అని అవ్వ కేక.

నేను విప్పింది ఏమీ లేదు. విప్పుతున్నాననుకుంటూ అవ్వ చీర అంచును కూడా బొంతలోకి కలిపి కుట్టేశాను!

"సుశీలా!" అంది అత్తగారు.

"నన్ను నేనే కుట్టేసుకున్నాను అత్తా!" భోరుమన్నాను. "విప్పుదామని చూసి... అవ్వను కూడా కుట్టేసినాను! తప్పంతా నాది, వసంతది కాదవ్వా, దానికేమీ తెలీదు!"

"ఇంత తెలివితక్కువ మనుషులు కూడా ఉంటారా!" అని అత్తగారు నెత్తి బాదుకుంది.

అబ్బాయి ముందు దగ్గాడు, తర్వాత ఆపుకోలేక ఫక్కుమన్నాడు. పెళ్ళిచూపుల్లో తల ఎత్తకూడదని బుద్ధులు చెప్పించుకున్న మా వసంత తలెత్తి పగలబడి నవ్వింది. కాఫీ సగం పళ్ళెంలోకే ఒలికిపోయింది.

అత్తగారు మా ఆయనమీద పడింది. "ఏమిరా చూస్తా నిలబడినావు? కత్తెర తేపో!"

"కత్తెరా?" అవ్వ కళ్ళెర్రజేసింది. "పెండ్లి మాటకు వచ్చిన చోట కత్తెర పెడతారా ఎవురన్నా? మాట తెగిపోదూ! పెట్టేదానికి లేదు."

మరి ఏం చేస్తారు? కొయ్యకూడదు, పోనూ కూడదు. గుడ్డలు మార్చుకునేదానికి అవ్వ అసలే ఒప్పుకోలేదు. ఇంక ఒక్కొక్క కుట్టూ విప్పడమే. కోపంగా లేచిన మనిషి కోపంగానే మళ్ళీ బొంతమీద కూర్చుంది.

ఆ కుట్లు విప్పడం ఎంతసేపు పట్టిందంటే, బజ్జీలు అయిపోయాయి, కేసరి అయిపోయింది, అత్తగారు ఉప్మా కూడా కలిపింది. మా ఆయనా, అబ్బాయి తండ్రీ వానలతో మొదలుపెట్టి, పొలాల మీదుగా, ముహూర్తాలదాకా వచ్చేశారు. ముసలి కళ్ళకు దారం కనపడక అవ్వ విసుక్కుంది. "ఏమ్మా, పెండ్లికూతురా, నువ్వు వచ్చి విప్పు. ఒరే, నువ్వు ఆ కొస బిగబట్టు" అంది మనవడితో. అలా బొంతకు చెరోపక్కా కూర్చుని, ఒకరు లాగుతూ ఒకరు పట్టుకుంటూ, నా కుట్లను చూసి నవ్వుకుంటూ, ఒకరి ముఖం ఒకరు అంత తీరిగ్గా చూసుకున్న జంట మా వైపు ఇంకొకటి ఉండదు.

అవ్వ బొంతను వేళ్ళతో తడిమింది. "ఎవురు నేర్పినారే నీకు ఈ కుట్టు?"

ఆ ప్రశ్న కోసమే కదా నేను ఈ కొంపంతా ముంచింది! "మా అమ్మమ్మ" అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

"నా గోళ్ళు పొయినాయి దీన్ని విప్పేదానికి" అంది అవ్వ. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "ఇంత గట్టిగా పట్టుకునే ఇల్లు ఇడిచిపెట్టి యాడికి పోతాము? మాట ఖాయం చేసుకోండి. పిల్లతో సారె సీరు తెచ్చే పళ్ళాలలో ఈ బొంత కూడా ఉండాల."

వసంత చివరి కుట్టు లాగింది. లాగి, ఎవరూ చూడకుండా నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఇంక లెయ్యి" అంది అత్తగారు.

ఇంటి మర్యాద నిలబెట్టే మంచి కోడలిలా నమస్కారం పెట్టడానికి చటుక్కున లేచాను. మధ్యాహ్నం నుంచి మడిచి ఉంచిన కుడికాలు మెలితిరిగిపోయింది. నిజంగానే పట్టేసింది. అబ్బా అంటూ వెళ్ళి పూలబుట్టమీద పడ్డాను.

"కాలు! కాలు సుళుక్కు! నిజంగా అత్తా! నిజంగా!"

ఒక్క మనిషీ కదల్లేదు. అవ్వ తాపీగా ఆకుకు సున్నం రాసుకుంటూ, "చాల్లేమ్మా. ఈ కథ ఇందాకే ఇన్నాము" అంది.

ఆ కుంటుకాలితోనే ఎంగిలి గిన్నెలన్నీ కడిగాను. అందుకే, కుట్టినవీ కుట్టబోయేవీ నా బొంతలన్నింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో లేని నొప్పిని ఉందని చెప్పను. కుట్టడం మానేస్తానని మాత్రం అనలేదు, గమనించండి. ఇప్పుడూ కుడుతూనే ఉన్నాను. కాకపోతే కాసేపటికోసారి లేచి నిలబడి, బొంత నాతో పాటు లేస్తోందేమో చూసుకుని మళ్ళీ కూర్చుంటాను. ఎందుకు ఊరికే లేస్తావని మనవరాలు అడిగితే ఏదో ఒకటి చెప్తాను గానీ, కాలు పట్టేసిందని మాత్రం చచ్చినా చెప్పను.