పడ్డవాడికి చెయ్యి

భవాని పేట్‌లో మా పక్కింటి కాకా మరమగ్గం నడిపేవాడు. సినిమాలో హీరో ఏం చేస్తే అదే ఆయనకు ధర్మం. సాయంత్రం చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళకు, గల్లీ మలుపులో వాళ్లకు వీపు తిప్పి నిలబడేవాడు. "నేనున్న గదా, పోండ్రి," అనేవాడు, తిరిగి చూడకుండానే.

ఒకనాడు ఆకతాయి ఒకడు మా అక్క చెయ్యి పట్టుకున్నాడు. కాకా ఒక్క దెబ్బకు వాణ్ని పడగొట్టాడు.

"ఇంకొకటెయ్యి కాకా!" అని అరిచాం.

"పడ్డోన్ని కొడ్తె హీరో ఎట్లయితడ్రా?" అని నవ్వి, లేవమని వాడికి చెయ్యి అందించాడు. వాడు ఆ చెయ్యి పట్టుకునే లేచి, రెండో చేత్తో కాకా కడుపులో కత్తి దించాడు.

ఇప్పటికీ ఆ మలుపులో ఆడవాళ్లు ఒక మనిషి నిలబడేంత జాగా వదిలి నడుస్తారు. ఆయన్ని ఎన్నడూ చూడని కొత్త కోడళ్లు కూడా.