రూపాయి బిళ్ళంత బ్యాటరీ, వియ్యాలవారి స్నానం

ఇంటికొచ్చిన వియ్యాలవారికి తలకు నీళ్ళు పోసినోళ్ళు చానామంది ఉంటారు. అయితే చలికాలంలో, కట్టుబట్టల్తో, కుర్చీల్లో కూచోని టీ తాగుతాండంగా పోసినోణ్ణి మటుకు నేనొక్కణ్ణే. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ పొద్దు మటుకు నా ఉద్యోగం ఊడినట్లే అనుకుంటి.

అప్పుడు నేను కువైట్‌లో, వఫ్రాలో ఒక తోటలో పని చేస్తాంటి. మాది రాయచోటి పక్క. టమాటా, దోసకాయ అంతా గ్రీన్‌హౌసుల్లో పెంచుతారు. ఒక పక్కన పచ్చగా లాన్. అన్నిటికీ నీళ్ళు వదిలేది గోడకు బిగించిన ఒక టైమర్ పెట్టె. తెల్లారుజామున నాలుగైతానే లాన్‌లో నీళ్ళు చిమ్ముతాయి, అవి ఆగినాక గ్రీన్‌హౌసుల్లో పైనుంచి సన్న జల్లు పడుతాది. నేను నిద్ర లేసేటప్పటికి నా పని సగం అయిపోయుంటాది. చేతులకు పని తక్కువైతే బుర్రకు దురద పుడుతాది కదా, నాకు బాగానే పుట్టింది.

ఒకనాడు మా డ్రైవరు ఖాదర్ భాయ్, కడపాయన, కారు తాళంచెవి రిమోట్‌ను అరచేతికేసి కొట్టుకుంటాండాడు.

"సుబ్బన్నా, దీంట్లో బ్యాటరీ సచ్చిపోయిందే. బాబాను పిలుచుకోని రావాల. ఈ ఎడారిలో అంగడి యాడుందని పోయేది?"

బాబా అంటే మా యజమాని. నేను ఆ బ్యాటరీ తీసి చూస్తి. రూపాయి బిళ్ళంత ఉండాది. అచ్చం అట్లాంటిదే టైమర్ పెట్టెలో చూసినట్టు గుర్తొచ్చింది. పోయి మూత విప్పి, గోరుతో ఎత్తితి. టక్కుమని చేతిలోకొచ్చింది.

"అన్నా, అది ఆ పెట్టెకు వద్దా?"

"తీగ గోడలోకి పెట్టిండారు గదప్పా! కరెంటుండేదానికి బ్యాటరీ ఎందుకు? చూడు, టైమ్ తిరుగుతానే ఉండాది."

నిజంగానే తిరుగుతాండాది.

"మరి కంపెనీవోడు ఎందుకు పెట్టింటాడు?"

"అందానికి."

అందానికంట! మూత లోపల, చీకట్లో, మనిషనేవోనికి కనపడని చోట అందమంట! ఇప్పుడు తల్చుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తాది. ఆ పొద్దు మటుకు బిళ్ళను రిమోట్‌లో వేసిచ్చి ఇంజనీరు మాదిరి మీసం దువ్వుకుంటి.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. అంతలో బాబా కూతురికి సంబంధం కుదిరేట్టుంది, పెండ్లికొడుకు తరపు పెద్దలు శుక్రవారం తోట చూసేదానికి వస్తాండారని తెలిసింది. బాబా మమ్మల్ని నిలబడనియ్యలేదు. లాన్ కత్తిరిస్తిమి, కుర్చీలేస్తిమి, బొగ్గుల కుంపటి రాజేస్తిమి. ఆ హడావిడిలో మధ్యాన్నం కరెంటు కొంచేపు పోయి వచ్చింది. దాన్నెవురు పట్టిచ్చుకుంటారు?

పట్టిచ్చుకునింది ఒకటే, ఆ పెట్టె. కరెంటు పోంగానే దాని గడియారం నిలిచిపోయింది. వచ్చినాక నిద్రలోంచి లేసినట్టు లేసి, ఇప్పుడు అర్ధరాత్రి పన్నెండు అనుకోని మొదట్నుంచి లెక్క మొదలుపెట్టింది. మనకు మధ్యాన్నం, దానికి అర్ధరాత్రి. దాని లెక్కలో తెల్లారుజాము నాలుగయ్యేది ఎప్పుడో మీరే చెప్పండి. సరిగ్గా పెద్దలంతా కూచోని టీ గ్లాసులు అందుకున్న సాయంత్రం పూట!

ముందు పిస్సుమని చప్పుడైంది. ఆమైన నాలుగు దిక్కుల్నుంచి నీళ్ళు లేసినాయి. కుంపటి బుస్సుమనింది. పెండ్లికొడుకు నాయన పెద్ద గడ్డపాయన, జరీ అంచు నల్ల అంగీ వేసుకోనుండాడు. ఆయన టీ గ్లాసు ఎంత తాగినా తరగకుండా నిండుతానే ఉండాది.

"శినూ హాదా! ఏంది ఇది, సుబ్బా?" బాబా కేక.

"వాన, బాబా!"

బాబా పైకి చూసె. ఆకాశం అద్దం మాదిరి తేటగా ఉండాది.

"వాన కిందనుంచి వస్తాదా?"

నేనుండాను గదా అని తెగించి, "ఇట్ల రండి, ఇట్ల రండి" అని అందర్నీ దగ్గరుండి గ్రీన్‌హౌస్‌లోకి తోలుకొని పోతి. హమ్మయ్య అని తలుపు మూస్తి. పెట్టె తన పని తాను చేసుకుంటా పోయింది. లాన్ అయిపోయింది గదా, గ్రీన్‌హౌస్‌లో జల్లు మొదలైంది. బయట సగం తడిసినోళ్ళు లోపల పూర్తిగా తడిసిరి.

అప్పుడు ఉరికితి పెట్టె కాడికి. దాని మీద తెల్లారుజాము, నా ఎదురుగా దిగిపోయే సూర్యుడు. వైరు పీకేస్తి. నీళ్ళు ఆగినాయి. నేను పీకిన బిళ్ళ అప్పుడు గుర్తొచ్చింది.

వాళ్ళ కార్లు దూరంగా ఉన్నాయి, చలి కొరుకుతాండాది. దగ్గర్లో పొడిగా ఉండేది మా పనోళ్ళ రూము ఒకటే. ఆ గడ్డం పెద్దాయన నా గళ్ళ లుంగీ కట్టుకోని, నా దుప్పటి కప్పుకోని, నా మంచం మీద బాబాను ఆనుకోని కూచుండె. నేను పెట్టిన అల్లం టీ తాగుతాండాడు. బాబా లేసొచ్చి నన్ను బయటికి పిలిచి, "రేపు కంపెనీవోణ్ణి పిలిపిస్తా. నీకు ఖలాస్" అన్యాడు.

"బాబా, ఒక్కరోజియ్యి. చెడగొట్టింది నేనే, బాగుచేసేదీ నేనే. కాకుంటే నువ్వు చెప్పేదాకా కూడా ఉండను."

లోపల్నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఇవ్వవయ్యా. టీ బాగా పెట్టినాడు."

పొద్దున్నే బస్సు కోసం చూడకుండా కూరగాయల లారీ పట్టుకోని మహబూలా టౌనుకు పోతి. అక్కడ ఎలక్ట్రానిక్ సామాన్ల అంగడాయన గోదావరి మనిషి. నా కత విని కౌంటరు మీద తలపెట్టి నవ్వినాడు.

"అందానిక్కాదండీ బాబూ! లోపల గడియారం చిప్పు ఒకటుంటదండి. కరెంటున్నంతసేపు కరెంటు మీద నడుస్తది. కరెంటు పోతే ఈ బిళ్ళలోంచి ఇసుమంత తీసుకుని సెకన్లు లెక్కెట్టుకుంటా ఉంటది. నీళ్ళెప్పుడొదలాలో అది మర్చిపోదండి. ఇప్పుడు టైమెంతయిందో మర్చిపోద్ది!"

కొత్త బిళ్ళ తీసుకోని వస్తి. పెట్టి, టైమ్ సరిచేసి, బాబాను పిలిచి, ఆయన కండ్ల ముందరే వైరు పీకేస్తి. బాబా రెండడుగులు ఎనక్కి జరిగినాడు. కొంచేపు ఆగి మళ్ళా వైరు పెడితి. పెట్టె మీద టైమూ, బాబా చేతి గడియారం టైమూ ఒకటే! అయినా నాకు నమ్మకం చాలక, బాబా "చాలు, యల్లా, పో" అనేదాకా పీకుతానే పెడతానే ఉంటి.

ఉద్యోగం నిలిచింది. సంబంధం కూడా నిలిచింది. చలికి వణుక్కుంటా ఒకే మంచం మీద ఆనుకోని కూచున్యాక వియ్యంకులకు ఇంక బిడియమేముంటాది? పెండ్లి నాడు పెద్దాయన నన్ను పేరు పెట్టి పిలిచి, అందరి ముందరా భుజం మీద చెయ్యేసినాడు. నా లుంగీ తిరిగిస్తాడేమో అనుకుంటి. "చానా సుఖంగా ఉండాది, సుబ్బా. ఊర్నుంచి ఇంకో రెండు తెప్పించు" అన్యాడు.

ఆనాడే ఒట్టు పెట్టుకుంటి. ఈ జన్మలో నడిచే మిషను మూత విప్పను. విప్పినా లోపల చెయ్యి పెట్టను. ఒకేళ పెట్టినా, వియ్యాలవారు వచ్చే వారంలో మటుకు పెట్టనే పెట్టను.