ఆగావే మొదట్లో కడుగు నీళ్లు

మా ఆయన పందొమ్మిదేళ్లుగా పెంచుకుంటున్న ఆగావేని నేనే చంపుతున్నానని ఒక నవంబరు పొద్దున తెలిసింది. ఆయనకు చెప్పలేదు.

మాది పెన్సిల్వేనియా. మన పొలం గట్ల మీద కంచెగా వేసే కిత్తనారకి ఈ మొక్క దగ్గరి చుట్టం, కాకపోతే చలికి ఓర్చుకునే రకం. ఎండ తగిలే గోడ పక్కన కంకర దిబ్బ పోసి నాటారు. బతుకులో ఒక్కసారే పూస్తుంది, పూశాక చచ్చిపోతుంది. ఆ ఒక్క పూత కళ్లారా చూడాలని ఆయన కోరిక.

ఆ సెప్టెంబరులో మొక్క నడిమధ్య నుంచి పూల కాడ లేచింది. ఆయన ముఖంలో సంతోషం లేదు. వసంతంలో రావలసింది చలికాలం ముంగిట వచ్చింది. మొన గడ్డకట్టిందంటే పువ్వూ ఉండదు, మొక్కా మిగలదు. ఉత్త చలికి చావదు, తడి కూడా తోడైతేనే కుళ్లుతుందని రోజుకోసారి చెప్పేవారు. వాన చుక్క పడకుండా పైన ప్లాస్టిక్ కప్పు కూడా వేశారు.

నేనేమో రోజూ బియ్యం కడిగిన నీళ్లు తీసుకెళ్లి దాని మొదట్లో పోస్తున్నాను. మా అమ్మ ఏ మొక్కకైనా కడుగు నీళ్లే పోసేది. మా కరివేపాకు కుండీ చలికి ఇంట్లోకి వచ్చేసింది. గిన్నె పట్టుకుని వెనక తలుపు తీస్తే ఎదురుగా ఇదే కనిపించేది. పూత మీదుంది, కాస్త బలం కావాలి కదా అనుకున్నాను. మగవాళ్లకి మొక్కల సంగతి ఏం తెలుసని కూడా అనుకున్నాను.

ఆ పొద్దున అడుగు ఆకులు రెండు ఉడికిన వంకాయల్లా మెత్తబడి ఉన్నాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని కంకర తవ్వి చూశారు. చూరు కింద వాననీటి గట్టర్ లీకవుతోందేమో అని నిచ్చెన తెచ్చారు. డెబ్బై దాటిన మనిషి ఆ చలిలో పైకి ఎక్కుతుంటే కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను తప్ప నోరు తెరవలేదు. కోప్పడతారని కాదు నా భయం. ఏమీ అనకుండా ఊరుకుంటారని.

మర్నాటి నుంచి అన్నం తానే వండుతానన్నారు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పొద్దుపోవడం లేదట. నలభై ఏళ్లలో కుక్కర్ ముట్టని మనిషి రోజూ ముద్దన్నం పెట్టారు. నేను వెక్కిరిస్తూనే తిన్నాను. నీళ్లు పోయడం మానేశానని చెప్పడానికి కూడా దారి లేకపోయింది.

జనవరిలో నాలుగు రోజులు కుళాయిలు కూడా గడ్డకట్టాయి. రోజూ పొద్దున్నే ఆయన మొక్కకి రాత్రి కప్పిన దుప్పటి తీసి, కాడ మొనని వేలితో నొక్కి చూసేవారు. నేను కిటికీలోంచి ఆయన భుజాలు చూసేదాన్ని. అవి వాలితే అయిపోయినట్టే. మూడో ఆకు మెత్తబడింది, తర్వాత నాలుగోది. కాడ మాత్రం గట్టిగానే ఉందనేవారు. నమ్మలేకపోయేదాన్ని.

ఏప్రిల్లో కాడ కదిలింది. జూన్‌కి ఆయన కంటే ఎత్తు పెరిగింది. జులైలో కొమ్మకొమ్మనా పసుపు పూలు విచ్చుకున్నాయి. ఇద్దరం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఇక ఆపుకోలేకపోయాను.

"ఏమండీ, ఆ నీళ్లు గట్టర్‌వి కాదు. నేను పోసినవి."

"తెలుసు. కంకరలో బియ్యపు గింజలు దొరికాయి."

"మరి నిచ్చెన ఎందుకెక్కారు?"

ఆయన పూల మీంచి చూపు తిప్పలేదు. "నువ్వు చూస్తున్నావని."

అన్నం సంగతి నేను అడగలేదు. అడగకుండానే అర్థమైంది. ఎనిమిది నెలలు నేను లోపల్లోపల ఉడికిపోతుంటే చూస్తూ ఊరుకున్నందుకు ఒళ్లు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది.

ఆగస్టులో ఆకులు ఎండటం మొదలైంది. మొక్క మొదట్లో మూడు పిలకలు కనిపించాయి. ఆ రోజు చాలా కాలానికి బియ్యం నేను కడిగాను. గిన్నె పట్టుకుని ఆయన పక్కనుంచే వెనక తలుపు దాకా వెళ్లి, ఆగి, తిరిగొచ్చి నీళ్లు సింకులో ఒంపాను. ఆయన పేపర్లోంచి తలెత్తి చూడలేదు.