పటాలానికి పోయే ముందు ఇరవై నాలుగు దినాలు

మొన్న నవంబరులో, బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి కడపలో మా బ్యాంకుకు పోయాను. పింఛను తీసుకునే మాజీ సైనికుడికి ఏటా ఒకసారి ఈ తతంగం తప్పదు. వేలిముద్ర యంత్రం నా బొటనవేలిని నాలుగుసార్లు కాదంది. తొంభైకి దగ్గరపడిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయట. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నా వేలిని తడిగుడ్డతో తుడుస్తూ, ముసలాయన నొచ్చుకున్నాడనుకుందో ఏమో, "ఆ కాలంలో మిలటరీకి పోతానంటే మీ ఇంట్లోవాళ్లు ఎంత గర్వపడి ఉంటారో కదా తాతా!" అంది. "ఆఁ, శానా" అన్నాను. ఐదోసారి యంత్రం ఒప్పుకుంది. నేను బతికి ఉన్న మాట నిజమని తేలింది కానీ, నేను చెప్పిన మాట మాత్రం అబద్ధం. ఆటో ఎక్కాక అది ఇంటిదాకా నా పక్కనే కూర్చుని వచ్చింది.

మా ఊరు మైదుకూరుకు నాలుగు మైళ్లు. మిట్ట మీది ఊరు. కాలువ నీళ్లు మా కంటికి కనబడతాయి గాని కయ్యకు అందవు. మా పెదనాయన, మా నాయన కలిసే ఉండేవాళ్లు. నలభై ఎకరాల మెట్ట, ఎద్దులతో నీళ్లు తోడే కపిలె బావి ఒకటి, రెండు జతల ఎద్దులు. పేరుకు మోతుబరులం, తినేది మాత్రం జొన్న సంగటి, కొర్రన్నం. ఇంటి పెత్తనమంతా పెదనాయనది. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు, మాట్లాడిన తర్వాత ఇంకెవరూ మాట్లాడేవాళ్లు కాదు. మా నాయన అయితే అసలే మాట్లాడేవాడు కాదు. అన్న ఎదురుగా కూర్చోవలసి వస్తే, కూర్చోవడానికి పీట కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ అరగంట నిలబడే ఉండగల మనిషి.

నాకు పదహారేళ్లప్పుడు పెద్ద కరువు వచ్చింది. ఊరూరా గంజి పోశారు. ఆ ఏడే మా ఊళ్లోనూ పక్క ఊళ్లలోనూ బావులు లోతు చేయడానికి పటాలం వచ్చింది. మా బావి అడుగున బండ పడి ఉంటే తూటాలు పెట్టి పేల్చారు. పదకొండో దినానికి చీలమండ లోతు నీళ్లు ఊరాయి. పెదనాయన గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి చూసి, ఇంటికి పోయి వాళ్లకు ఒక కుండెడు మజ్జిగ పంపించాడు. నేను పటాలానికి పోవాలనుకున్నది అప్పుడే. దేశభక్తి అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నిజానికి నాకు నచ్చింది వాళ్ల బూట్లు. అంతకంటే ఎక్కువగా, పని అయిపోగానే గుడారాలు మడిచి ఇంకో ఊరికి పోవడం నచ్చింది. మా ఇంట్లో పని అయిపోవడమన్నది గాని, ఇంకో ఊరికి పోవడమన్నది గాని ఎవరూ ఎరగరు.

మూడేళ్ల తర్వాత కడపలో పటాలానికి మనుషులను తీసుకుంటున్నారని తెలిసింది. పసుపు ధర కనుక్కొస్తామని ఇంట్లో చెప్పి, నేనూ నా స్నేహితుడూ బస్సెక్కాం. వాడూ నేనూ బళ్లో ఒకే పలక మీద ఎంగిలి పెట్టి తుడుచుకున్నవాళ్లం. పటాలం మాట ముందు ఎత్తింది కూడా వాడే. మైదానంలో పరిగెత్తించారు, పళ్లు చూశారు, ఛాతీ కొలిచారు. నాకు సరిపోయింది. వాడికి అర అంగుళం తక్కువైంది. ఊపిరి బిగబట్టి మళ్లీ కొలిపించుకున్నా అర అంగుళమే తక్కువ. నేను సంతకం పెట్టాను. ఇరవై నాలుగో దినం పొద్దున కడప రైలు స్టేషనులో ఉండాలనీ, రాకపోతే ఇంటికి పోలీసులు వస్తారనీ చెప్పారు. తిరుగు ప్రయాణంలో వాడికి ఉడకబెట్టిన శనక్కాయలు కొనిస్తే తిన్నాడు గాని నా వైపు చూడలేదు. బస్సు దిగగానే నాకంటే ముందు గబగబా నడిచి ఊళ్లోకి పోయాడు. నేను చావిడి దగ్గరికి వచ్చేసరికి అక్కడివాళ్లంతా లేచి నిలబడి నన్ను వింతగా చూస్తున్నారు. వాళ్ల మధ్యలోంచి వాడి గొంతే వినబడింది. "ఇదో, వచ్చినాడు చూడండప్పా, తల అమ్ముకోనొచ్చినోడు!"

పెదనాయన అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. తల ఎత్తలేదు. "సంతకం పెట్టినావా?" అన్నాడు. "పెట్టినా పెదనాయనా." పగ్గం రెండు మెలికలు తిరిగింది. "మనింట్లో కూడు చాల్లేదా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత చాలా దినాలు నాతో మాట్లాడలేదు. ఆయన అడిగినదాంట్లో ఊరి అభిప్రాయమంతా ఉంది. మా వైపు భూమీ పుట్రా ఉన్న ఇళ్ల నుంచి పటాలానికి పోవడమంటే, ఇంట్లో పొయ్యి వెలగడం లేదని దండోరా వేయించడమే. కూలి దొరకనోళ్లు పోతారు, మనకేం కర్మ అనేవాళ్లు.

ఆ ఒక్క ప్రశ్న మా అమ్మను పట్టుకుంది. అందరమ్మల్లా ఏడ్చి అన్నం మానేసి ఉంటే నేను తట్టుకునేవాణ్ణేమో. ఆమె నాకు పెట్టడం మొదలుపెట్టింది. పొద్దునే రొట్టె మీద వెన్న, మధ్యాహ్నం సంగటిలోకి నాటుకోడి పులుసు, సాయంత్రం బొరుగులు, మళ్లీ అన్నం. పండక్కి తప్ప కనబడని వరి అన్నం దినమూ కనబడింది. కడుపు నిండి చెయ్యి కడుక్కోబోతే మణికట్టు పట్టుకునేది. "ఇంకో ముద్ద తిను నాయనా. ఆకలికి తాళలేక పోతాండాడని ఊరంతా అంటాండారు. నా చేతి కూడు చాల్లేదన్న మాట నాకొద్దు." ఆ ముద్దలు మింగడం కంటే తర్వాత నేను చేసిన ఏ కవాతూ కష్టం కాలేదు. తింటే ఆమెను ఒప్పించినట్టూ కాదు, మానేస్తే తిట్టినట్టు అవుతుంది. నాలుగు పూటలకూ కంచం ముందు ఖైదీలా కూర్చునేవాణ్ణి.

బయటికి పోతే చావిడి. "ఏమప్పా, తుపాకీ ఎప్పుడు పేలుస్తాండావు?" అని ఒకరు. "వాళ్లు పెట్టే రొట్టెలు చెప్పుల్తో సమానమంట, పళ్లు జాగ్రత్త" అని ఇంకొకరు. "వానికి భయమెందుకు, గుండు తగిలినా అమ్మ పెట్టిన కోడికూరకు తగుల్తాది" అని నా స్నేహితుడు. అందరికంటే వాడి నవ్వే పెద్దది. నేను ఊరుకోలేదు. దేశాలు చూస్తానన్నాను, హిందీ నేర్చుకుంటానన్నాను, మీరంతా ఈ అరుగు మీదే పుట్టి ఈ అరుగు మీదే పోతారన్నాను. వాళ్లు ఒకటంటే నేను పది అన్నాను. గోడ కట్టేవాడు లోపల నిలబడి కడితే ఏమవుతుందో నాకు అప్పుడు తోచలేదు. పది దినాలయ్యేసరికి నాకే భయం పట్టుకుంది. భాష రాని చోటు, మనవాళ్లు లేని చోటు, చచ్చినా తెలియని చోటు. పోవద్దని మనసులో గట్టిగా అనిపించింది. కానీ అన్ని మాటలన్నాక ఏ మొహంతో ఆగిపోను?

మా ఊరి దక్షిణాన చర్చి చుట్టూ ఉన్న ఇళ్లలో ఒకాయన ఉండేవాడు. పెద్ద యుద్ధంలో బర్మా దాకా పోయివచ్చినవాడు కాబట్టి ఊరంతా బర్మాయన అనేది. ఎడమ చెవి సరిగా వినబడేది కాదు. మా చేన్లో కూలికి వచ్చేవాడు. నేను సంతకం పెట్టాక భయంతో రెండుసార్లు ఆయన దగ్గరికి పోయి, అక్కడెట్లా ఉంటుందని అడిగాను. "పొమ్మని చెప్పను, వద్దనీ చెప్పను. కాళ్లు పుండ్లు పడకుండా చూసుకో సామీ, మిగతాది దానంతటదే జరిగిపోతాది" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. కానీ నేను ఆ ఇంట్లోంచి బయటికి రావడం ఎవరో చూశారు. పదమూడో దినం కళ్లంలో జొన్నలు తూర్పార పడుతుంటే పెదనాయన వచ్చి అందరి ముందూ ఆయన్ని నిలదీశాడు. "మా పిల్లోనికి లేనిపోనివి నూరిపోసింది నువ్వేనా? నా కూలి తిని నా కొంపే తీస్తావా? రేపటి నుంచి నా కళ్లం తొక్కొద్దు." బర్మాయన కుడి చెవి అటు తిప్పి మొత్తం విన్నాడు. ఒకసారి నా వైపు చూశాడు. నేను చేతిలో చేట పట్టుకుని నిలబడి ఉన్నాను. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నా నోట్లోంచి రాలేదు. చావిడిలో పది మాటలన్నవాణ్ణి, అక్కడ ఒక్క మాట అనలేకపోయాను. ఆయన తలగుడ్డ విప్పి దులుపుకుని, జొన్న పొట్టు ఎగురుతుంటే అందులోంచి నడిచి వెళ్లిపోయాడు.

మూడు దినాల తర్వాత పెదనాయన కడప పోయి ఒక వకీలును కలిసి వచ్చాడు. నన్ను అరుగు దగ్గరికి పిలిచాడు. నాయన స్తంభం పక్కన నిలబడ్డాడు, అమ్మ తలుపు వెనక. "దోవ ఉండాది" అన్నాడు పెదనాయన. ఆయన గొంతులో నేనెప్పుడూ వినని మెత్తదనం ఉంది. "నీకు మూర్ఛలొస్తాయని డాక్టరుతో రాయించి పంపితే వాళ్లే కొట్టేస్తారంట. పోలీసూ రాడు, ఏమీ రాదు. రేప్పొద్దున పోదాం."

నేను ఆరు దినాలుగా వెతుకుతున్న తలుపు అదే. ఆయన తెరిచి పట్టుకున్నాడు. ఊఁ అంటే చాలు. కానీ ఊఁ అంటే, లేని రోగం బతికినన్నాళ్లూ నా పేరు పక్కన నడుస్తుంది, మూర్ఛలోనికి పిల్లనెవరిస్తారు? చావిడి నవ్వుతుంది. ఇవన్నీ భరించేవాణ్ణే. ఒక మనిషి కూలి పోయింది నా వల్ల. నేను రోగినని రాయించుకుని ఇంట్లో కూర్చుంటే, ఆయన ఎందుకు పోగొట్టుకున్నట్టు?

"నాకు రోగం లేదు పెదనాయనా. బర్మాయన నాకేం చెప్పలేదు. సంతకం పెట్టినాకనే నేను ఆయనింటికి పోయింది" అన్నాను.

పెదనాయన నా వైపు తిరిగాడు. "మొన్న కళ్లంలో ఉంటివి కదరా నువ్వు" అన్నాడు.

"ఉన్నా."

"మూడు దినాలు గమ్మునుంటివే!"

ఆ నెలలో నన్ను ఎందరో ఎన్నో అన్నారు. వాటన్నిటికీ నా దగ్గర జవాబు ఉండింది. జవాబు లేనిది ఆ ఒక్కదానికే. ఆయన లేచి లోపలికి పోయాడు. నేను అప్పటికప్పుడు దక్షిణం వైపు ఇళ్లకు పోయి బర్మాయనకు క్షమాపణ చెప్పాను. ఆయన మంచం నులక బిగిస్తూ, "ఇప్పుడు నువ్వు ఆగిపోయినా నా కూలి రాదు, పోయినా రాదు. పో సామీ, ఇద్దర్లో ఒకరి పనైనా మిగలనీ" అన్నాడు. కోపంగా అన్నాడో, దయగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇరవై మూడో దినం మధ్యాహ్నం మైదుకూరు బస్సుకు బయలుదేరాను. పెదనాయన ఇంట్లో లేడు, పొద్దునే చేనికి పోయాడన్నారు. అమ్మ వారానికి సరిపడా రొట్టెలు మూట కట్టింది. నాయన నాతో నాలుగు మైళ్లూ నడిచాడు. మూడున్నర మైళ్లు నడిచాక, మైదుకూరు మొదట్లో ఆగి, "ఉత్తరం నాకు రాయొద్దు. మీ పెదనాయనకు రాయి" అన్నాడు. జీవితంలో మా నాయన నాకిచ్చిన సలహా అదొక్కటే. బస్సు దగ్గర నా స్నేహితుడు నిలబడి ఉన్నాడు. మళ్లీ ఏమంటాడోనని బిగుసుకున్నాను. వాడు నా మూట పైకి అందించి, "అర అంగుళంరా" అన్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బస్సు కదిలేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టి దింపేస్తే బాగుండునని చూశాను. ఎవరూ దింపలేదు. అట్లా పోయాను నేను పటాలానికి. ధైర్యంతో కాదు, వెనక్కి రావడానికి దారి లేక.

నెలకో ఉత్తరం పెదనాయనకే రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఏడాదిన్నరకు మొదటి సెలవు దొరికి ఇంటికి వస్తే అమ్మ ఏడ్చి, వెంటనే పొయ్యి వెలిగించింది. పెదనాయన నన్ను కింది నుంచి పైకి చూసి, "బూట్లు గట్టివేనా?" అన్నాడు. ఆ మర్నాడు చేనికి పోతే బర్మాయన మా గట్టు మీద ఉన్నాడు. నేను పోయిన రెండో నెలలోనే పిలిపించారట. ఎట్లా అని అడిగితే నవ్వాడు. "నీ ఉత్తరాల వల్లనే సామీ. పరేడంటావు, హవల్దారంటావు, వంటిల్లును లంగరంటావు. పెద్దాయనకు ఒక్క ముక్క తెలిస్తేనా! పనిలో నుంచి పిలిచి, అరుగు కింద కూర్చోబెట్టి, ఒక్కో మాటకు అర్థం అడుగుతాడు. ఉత్తరం వచ్చిన దినం నాకు పని ఉండదు, కూలి ఉంటాది." అరుగు మీద పెదనాయన, అరుగు కింద ఆయన. మధ్యలో నా ఉత్తరం. తప్పు ఒప్పుకోవడం మా పెదనాయన భాషలో అట్లా ఉండేది. పక్కన కూర్చోమనడం మాత్రం ఆ భాషలో లేకపోయింది. అది అడగాలని నాకూ అప్పుడు తోచలేదు.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. పదిహేనేళ్ల సర్వీసు ఎట్లా గడిచిందని అడిగితే కాఫీ చల్లారేలోపు చెప్పేస్తాను. చేట పట్టుకుని ఒక మాట కోసం నిలబడ్డ ఆ మూడు దినాలు మాత్రం, ఎన్నేళ్లు గడిచినా, నాకు ఇంకా గడవలేదు.