రెండో కొసన ఏముంది?

మా చిచో మెతోడి పుట్టినప్పుడు మంత్రసాని బొడ్డుతాడు కోయబోతే, ఆమె చెయ్యి పట్టుకుని "ఆగమ్మా, రెండో కొసన ఏముందో చూశావా?" అని అడిగాడు. ఆనాటి నుంచి ఈ అరవై ఏళ్లూ ఆయన అడుగుతున్నది ఆ మాటే. అసెనోవ్‌గ్రాద్‌లో కంప్యూటర్ కేబుళ్ల కొట్టు ఆయనది. ఊరందరికీ చిచోనే, అంటే బాబాయే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు మేయరైనా సరే, వట్టి చేతులతో తిరిగి పోవలసిందే.

ఓసారి పళ్ల డాక్టరమ్మ స్తోయ్‌నా వచ్చింది.

"చిచో, మానిటర్‌కి ఓ కేబుల్ ఇవ్వు."

"కంప్యూటర్‌కి ఏ బెజ్జం ఉంది?"

"హెచ్‌డీఎంఐ."

"రెండో కొసన?"

"అదేదో... ఓ మూల కోసేసినట్టుంటుంది."

"డిస్‌ప్లేపోర్ట్. మామూలు కేబుల్ దాన్నుంచి హెచ్‌డీఎంఐకే బొమ్మను మోస్తుంది, ఎదురు మోయదు. మానిటర్ వెనక ఇంకో బెజ్జం ఉందేమో చూసి రా. పన్ను పీకే ముందు నోరు తెరిపించవూ?"

బంగారు పూత కేబుల్ కావాలన్న పెద్దమనిషినైతే "ఏం, బొమ్మ పెళ్లికి వెళుతోందా?" అని పంపేశాడు.

ఇక నా సంగతి. నా తెలివిని తట్టుకోలేక యూనివర్సిటీ నన్ను రెండో ఏడే వదిలేసింది. కొండెక్కే గాడిద మీద నేనో కంప్యూటర్ ఆట తయారు చేశాను. దాన్ని ప్లోవ్‌దివ్‌లో ఒక హాల్లో, సోఫియా కంపెనీవాళ్ల ముందు, పెద్ద తెర మీద చూపించాలి. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే మా మేనమామ పచ్చళ్ల కార్ఖానాలో జన్మంతా సీసాలకు మూతలు బిగించడం.

"రెండో కొసన ఏముంది?" అన్నాడు చిచో, నేను కేబుల్ అడగ్గానే.

"హెచ్‌డీఎంఐ. కళ్లారా చూశా!" హాలు గుమ్మం కూడా తొక్కలేదు నేను.

"బల్లకీ తెరకీ ఎంత దూరం?"

"మూరెడు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి "మంగళవారం రా" అన్నాడు. మంగళవారం వెళితే కొండచిలువ లాంటి కేబుల్ చుట్ట నా మెడలో వేశాడు.

"మూరెడన్నాను కదా చిచో!"

"మొయ్యరా రాంగెల్. గాడిద ఆట తయారు చేసినవాడికి బరువేమిటి?"

గురువారం పొద్దున బయల్దేరాను. మంచి పని మీద వెళ్లేవాడి ముందు గుమ్మంలో నీళ్లు ఒలకబోయడం మా ఆనవాయితీ, పని నీళ్లలా సాగిపోవాలని. అందరూ చెంబుతో పోస్తారు. మా బామ్మ కేరా బకెట్‌తో పోస్తుంది. ఆమె గురి ఎంత గొప్పదంటే, ఆరోజు గుమ్మం ఒక్కటే పొడిగా మిగిలింది. కంప్యూటర్ ప్లాస్టిక్ సంచిలో ఉండి బతికిపోయింది. కేబుల్ నా మెడలోనే ఉంది.

"బామ్మా! ఏమిటిది!"

"అరవకు. ఎన్ని నీళ్లో అంత అదృష్టం."

హాల్లో చూస్తే తెర మూరెడు దూరంలో లేదు, ఎదుటి గోడకుంది. కేబుల్ కొసల్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. సోఫియా ఆవిడ గడియారం చూసుకుని "ఇంకా ఆరు నిమిషాలు" అంది. నా కళ్ల ముందు పచ్చడి సీసాలు బారులు తీరాయి. తడి కేబుల్ గుచ్చబోతుంటే వెనక వరస నుంచి కేక వినిపించింది.

"గుచ్చకురా గాడిదా! కంప్యూటర్ కాలిపోతుంది!"

చిచో! భుజాన ఇంకో చుట్ట, బొట్టు తడి లేకుండా.

"నువ్వెందుకొచ్చావ్?"

"మీ బామ్మ బకెట్ నాకు కొత్తా?"

ఒక కొస నాకిచ్చి, రెండోది తనే తెర వెనక గుచ్చాడు. నా గాడిద కొండెక్కింది. సోఫియావాళ్లు తలలు అడ్డంగా ఊపారు. మా దేశంలో అడ్డంగా ఊపితే సరేనని అర్థం. ఉద్యోగం నాదే!

బయటికొస్తుంటే హాలు కాపలామనిషి జ్లాత్కా నవ్వింది. "ఈ పెద్దాయన సోమవారమూ వచ్చాడు బాబూ. తెర వెనక దూరి, దూరం అడుగులతో కొలిచి, నెత్తిన సాలెగూడుతో బయటపడ్డాడు. ఎవరికోసమంటే, ఓ అబద్ధాలకోరు కోసం అన్నాడు."

తర్వాత ఆరా తీస్తే, డాక్టరమ్మ మానిటర్ వెనకా ఆమె కొట్టుకొచ్చిన సాయంత్రమే దూరాడట. ఎవరు జవాబు చెప్పలేకపోయినా కొట్టు మూశాక తనే వెళ్లి చూసొస్తాడట. మేయరింటికి కూడా!

ఇప్పుడు సోఫియాలో ఎవరు కేబుల్ మాటెత్తినా ఛాతీ విరుచుకుని చెబుతాను: నా కోసం మా చిచో పదిహేను మీటర్ల కేబుల్ భుజాన వేసుకుని, గాలివానలో ఇరవై కిలోమీటర్లు నడిచొచ్చాడని. ఇదంతా రాసి ఫోన్‌లో ఆయనకే చదివి వినిపించాను. ఆసాంతం విని అన్నాడు:

"నేను పుట్టింది ఆస్పత్రిలో. ప్లోవ్‌దివ్‌కి బస్సులో వచ్చాను, సీటు కూడా దొరికింది. కేబుల్ పది మీటర్లు. అది పదిహేనైతే బొమ్మ వణుకుతుంది."